కోలారు బంగారు గనుల దస్త్రాలు: కూలివారి వంశచరిత్రకు ఆధారాలు

వంశచరిత్రకు ఆధారాలు కావాలి. రాజవంశాలకు శాసనాలున్నాయి. జమీందారీ కుటుంబాలకు కైఫీయత్తులు, సనదులు, వారసత్వ వ్యాజ్యాల కాగితాలు ఉన్నాయి. దానం పుచ్చుకున్న విప్రుల గోత్రనామాలు తామ్రపత్రాలలో నిలిచాయి. తీర్థయాత్ర చేయగల స్తోమత ఉన్నవారి పేర్లు హరిద్వారం, గయ పండాల పుస్తకాలకెక్కాయి. తెలుగునాట వీటికన్నా విస్తృతమైన మరొక ఏర్పాటు కూడా ఉండేది. కాపు కుటుంబాల గోత్రాలను పిచ్చుకుంట్లవారు, మాదిగ కుటుంబాల వంశక్రమాన్ని డక్కలివారు కంఠస్థం చేసి, ఊళ్ళకు వచ్చి పాడి వినిపించి, తమకు రావలసినది పుచ్చుకొని వెళ్ళేవారు. అయితే ఈ ఏర్పాటు ఊరిని అంటిపెట్టుకొని ఉన్నది. కరవు వచ్చి, అప్పు తీరక, కూలి వెతుక్కుంటూ కుటుంబం ఊరు విడిచిందంటే వంశం పాడేవానికి ఆ కుటుంబం చిరునామా తెలియదు. రెండు మూడు తరాలు గడిచేసరికి ముత్తాత పేరే కాదు, ఆయన ఏ ఊరి నుండి వచ్చాడన్నదీ మరుగున పడుతుంది.

అటువంటి కుటుంబాలకు మిగిలిన లిఖిత ఆధారం తరచు ఒక్కటే. యజమాని తన అవసరానికి రాయించుకున్న హాజరు పట్టీ, జీతాల పుస్తకం, ఉద్యోగుల రిజిస్టరు. వీటిని రాసిన గుమాస్తాకు చరిత్ర రాస్తున్నానన్న స్పృహ లేదు. కూలి ఎగ్గొట్టకుండా, బంగారం దొంగిలించకుండా, పనిలో నుండి తీసివేసినవాడు మారుపేరుతో మళ్ళీ చేరకుండా చూసుకోవడమే ఆ రాతకు ప్రయోజనం. ఆ నిఘా వల్లనే అందులో తండ్రి పేరు, స్వగ్రామం, వయస్సు, శరీరం మీది పుట్టుమచ్చ వంటి వివరాలు చేరాయి. వంశచరిత్ర కోరేవారు వెతికేదీ వీటినే. కర్ణాటకలోని కోలారు బంగారు గనులు ఈ విషయానికి చక్కని ఉదాహరణ.

1802లో 33వ పటాలానికి చెందిన జాన్ వారెన్ మైసూరు రాజ్యపు తూర్పు సరిహద్దును సర్వే చేస్తూ, ఊరుగాం, మారికుప్పం గ్రామాల జనం మట్టిని కడిగి బంగారు రేణువులు తీయడం చూశాడు. 1870లలో మైకేల్ లవెల్లె అనే ఐరిష్ మాజీ సైనికుడు అన్వేషణకు మైసూరు ప్రభుత్వ అనుమతి సంపాదించాడు. 1880 నుండి లండన్‌లో కంపెనీలు ఏర్పడటం, జాన్ టేలర్ అండ్ సన్స్ సంస్థ నిర్వహణ బాధ్యత వహించడం, ఛాంపియన్ లోడ్ అనే ముఖ్యమైన బంగారు పొర బయటపడటం వరుసగా జరిగాయి. 1902లో శివసముద్రం జలవిద్యుత్తు 147 కిలోమీటర్ల దూరం ప్రయాణించి ఈ గనులకు చేరింది. 1891లో 7,085గా ఉన్న ఈ పట్టణ జనాభా 1901 నాటికి 38,204 అయింది. పదేళ్ళలో అయిదు రెట్లు దాటిన ఈ పెరుగుదల కాన్పుల వల్ల వచ్చినది కాదు, వలస వల్ల వచ్చినది. అంటే ఈ సంఖ్యలోని అత్యధికుల మూలగ్రామం మరెక్కడో ఉన్నది.

ఆ మూలగ్రామాలలో ఎక్కువ భాగం తమిళ ప్రాంతానివే. ఉత్తర ఆర్కాటు, సేలం జిల్లాల నుండి వచ్చిన ఆది ద్రావిడులు భూగర్భ శ్రామికులలో ప్రధాన వర్గం. కాని తెలుగువారి పాలు చిన్నదేమీ కాదు. జోలార్‌పేట నుండి బెంగుళూరు వెళ్ళే రైలు మార్గం కుప్పం, బిసానత్తం మీదుగా పోతుంది. ఆ మార్గంలోని బౌరింగ్‌పేట, అంటే నేటి బంగారుపేట, నుండి మారికుప్పానికి 1890లలో శాఖామార్గం వేశారు. కుప్పం, పలమనేరు ప్రాంతపు మెట్టరైతు వాన కురవని ఏట రైలెక్కితే ఆ పూటకే గని ముంగిట దిగగలడు. పైగా కోలారు జిల్లాలోనే ముళబాగిలు, శ్రీనివాసపురం వైపు పల్లెలలో తెలుగు ఇంటి భాష. కనుక గని పట్టికలలోని తెలుగువారందరూ నేటి ఆంధ్రప్రదేశ్ నుండి వచ్చినవారే అనుకోవడం తొందరపాటు.

జనాభా లెక్కలు ఈ పని చేయలేవా అన్న ప్రశ్న సహజంగా వస్తుంది. చేయలేవు. మన దేశంలో జనగణన మొత్తం సంఖ్యలను ప్రచురిస్తుంది. ఇల్లిల్లూ తిరిగి పేర్లు రాసుకున్న పాత పత్రాలను లెక్క ముగిశాక నాశనం చేసే ఆనవాయితీ ఉండేది. బ్రిటన్‌లో ఒక కార్నిష్ గని పనివాని మనుమడు తాత ముత్తాతలను పాత జనగణన పత్రాలలో వెతుక్కోగలడు. కోలారులో పనిచేసిన ఐరోపా కుటుంబాల వివాహాలు, బాప్తిస్మాలు, ఖననాల నకళ్ళు మద్రాసు చర్చి అధికారుల ద్వారా లండన్ చేరి నేటికీ అక్కడి బ్రిటిష్ లైబ్రరీలో భద్రంగా ఉన్నాయి. అదే షాఫ్టులో, అదే బోనులో దిగిన భారతీయ కూలికి ఆ వసతి లేదు. క్రైస్తవం స్వీకరించిన కుటుంబాలకు స్థానిక చర్చి రిజిస్టర్లు కొంత ఆదుకుంటాయి. మిగిలినవారికి గని పుస్తకమే గతి.

ఈ పుస్తకాన్ని కూలివారు ఇష్టపూర్వకంగా నింపలేదు. 1930లో కంపెనీలు శ్రామికులందరి వేలిముద్రలు తీసుకొని నమోదు చేసే పద్ధతి ప్రవేశపెట్టగా, వేలాది శ్రామికులు సుమారు మూడు వారాలు పని మానివేశారు. కోలారు కార్మికోద్యమ చరిత్రలో ఇది ముఖ్య ఘట్టం. వేలిముద్ర దొంగల నుండి తీసుకునేది, కష్టపడి బతికేవారి నుండి ఎందుకు అన్నది వారి అభ్యంతరంలోని సారం. అది అమాయకత్వం కాదు. 1911 నాటి నేరస్థ జాతుల చట్టం కొన్ని కులాలవారిని పుట్టుకతోనే నేరస్థులుగా ఎంచి వేలిముద్రలు తీసుకొనే అధికారాన్ని పోలీసులకు ఇచ్చింది. మద్రాసు రాష్ట్రపు పల్లెల నుండి వచ్చినవారికి ఆ ముద్ర అర్థం తెలుసు. మరొక బంగారు నగరమైన జోహానెస్‌బర్గ్‌లో భారతీయులు 1906 సెప్టెంబర్ 11న గాంధీజీ నాయకత్వంలో ప్రతిజ్ఞ చేసినదీ ఇటువంటి నిర్బంధ నమోదుకు వ్యతిరేకంగానే. తాతలు ఏ కాగితాన్ని ఎదిరించి పస్తులున్నారో, అదే కాగితం మనుమలకు తాతల జాడ చెప్పే ఆధారమైంది. చరిత్రలో ఇటువంటి విపరీతాలు లేకపోలేదు.

స్వాతంత్య్రానంతరం నమోదు చట్టబద్ధమైంది. 1952 గనుల చట్టం 48వ సెక్షన్ ప్రకారం ప్రతి గనిలోను ఉద్యోగుల రిజిస్టరు ఉండవలసి ఉండేది. పేరు, తండ్రి పేరు, స్త్రీ అయితే భర్త పేరు, గుర్తింపుకు కావలసిన ఇతర వివరాలు, వయస్సు, పని స్వభావం, చేరిన తేదీ అందులో రాసి, ఉద్యోగి సంతకమో బొటనవేలి ముద్రో తీసుకోవలసి ఉండేది. 1955 గనుల నియమావళిలో దీనికి బి ఫారం అని పేరు. ఈ రిజిస్టరు ఒక్కటే చాలదు. భవిష్యనిధి నామినేషను పత్రంలో భార్యాబిడ్డల పేర్లు ఉంటాయి. ప్రమాద పరిహారపు దస్త్రంలో మృతునిపై ఆధారపడినవారి జాబితా ఉంటుంది. పని పుస్తకం ఒక మనిషిని చూపిస్తే, పరిహారపు దస్త్రం ఒక కుటుంబాన్ని చూపిస్తుంది. ముసలి తల్లి, భార్య, పిల్లలు, వారి వయస్సులు, బంధుత్వం ఒకేచోట కనిపించేది ఒక మరణం జరిగినప్పుడే. మూడు కిలోమీటర్ల లోతు దాటిన ఈ గనులలో రాళ్ళు ఒత్తిడికి పేలడం తరచుగా జరిగేది. వంశచరిత్రకారుడు ఆ దస్త్రాన్ని తిరగవేసేటప్పుడు అది ఏ సందర్భంలో పుట్టిందో మరవరాదు.

ఇక ఈ దస్త్రాలను చదవడంలో ఉన్న చిక్కులు. అన్నింటికన్నా పెద్ద చిక్కు స్థలనామాలది. 1911 ఏప్రిల్ 1కి ముందు చిత్తూరు జిల్లా లేదు. చిత్తూరు, పలమనేరు, చంద్రగిరి, కుప్పం ఉన్న కంగుంది జమీ అన్నీ ఉత్తర ఆర్కాటులోనివి. మదనపల్లె, వాయల్పాడు కడప జిల్లాలోనివి. కాబట్టి 1900 నాటి పుస్తకంలో ‘ఉత్తర ఆర్కాటు’ అని కనిపించినంత మాత్రాన ఆ మనిషిని తమిళ దేశస్థునిగా నిర్ణయించరాదు. తాలూకా చూడవలెను, ఊరి పేరు చూడవలెను. దీనికి ఎదురు ఉదాహరణ తిరుత్తణి. 1911లో చిత్తూరు జిల్లాలో చేరిన ఆ తాలూకా 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రానికి బదిలీ అయింది. 1930లో ‘చిత్తూరు జిల్లా’ అని రాయించుకున్నవాని ఊరు నేడు తమిళనాడులో ఉండవచ్చు. అట్లాగే ‘సేలం’ అన్నది 1965 తరువాత ధర్మపురి, 2004 తరువాత కృష్ణగిరి కావచ్చును. హొసూరు, కృష్ణగిరి ప్రాంతంలో తెలుగు మాట్లాడేవారు బహుళం. 2022 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు చిత్తూరు మరొకసారి చీలింది. జిల్లా పేరు మారుతుంది, పల్లె పేరు చాలావరకు నిలుస్తుంది. అందువల్ల పల్లె పేరు స్పష్టంగా ఉన్న పంక్తి, తక్కిన గళ్ళన్నీ నిండి పల్లె పేరు లేని పంక్తికన్నా విలువైనది.

రెండవ చిక్కు మనుషుల పేర్లది. తెలుగువారికి ఇంటిపేరు వంశానికి ఆయువుపట్టు. తమిళ సంప్రదాయంలో తండ్రి పేరు మొదటి అక్షరమే ముందు చేరుతుంది. గని కార్యాలయాలలో పాటించినది సహజంగా ఈ రెండవ పద్ధతి. దానితో తెలుగు కూలి ఇంటిపేరు కాగితం ఎక్కకుండానే పోయింది. మునిస్వామి, మునియప్ప, వెంకటప్ప, చిన్నప్ప వంటి పేర్లు తెలుగు, తమిళ, కన్నడ కుటుంబాలు మూడింటిలోనూ ఉన్నాయి. పేరును బట్టి భాషను నిర్ణయించడం ఇక్కడ సాధ్యం కాదు. ఆంగ్ల లిపిలోకి వెళ్ళిన పేరు ఒక్కొక్క గుమాస్తా చేతిలో ఒక్కొక్క రూపు పొందింది. ఒకే గనిలో ఒకే తండ్రి పేరున్న మునిస్వాములు పలువురు ఉన్నప్పుడు వారిని వేరుచేసేది పేరు కాదు, సంఖ్య. పనిలోకి దిగేవానికి ఇచ్చే బిళ్ళ సంఖ్య, పనిచేసిన షాఫ్టు, నివసించిన లైను, ఈ మూడూ కలిస్తేనే మనిషి తేలుతాడు. తండ్రి మానుకున్న పనిలో కొడుకు చేరడం గనులలో సామాన్యం. కనుక ఒక పుస్తకంలోని తండ్రి పేరును అంతకు ముందటి పుస్తకంలోని ఉద్యోగి పేరుతో జతచేసుకుంటూ పోతే మూడు తరాల దాకా వెనక్కు నడవవచ్చును. వయస్సులను మాత్రం పూర్తిగా నమ్మరాదు. ఇరవై, ఇరవై అయిదు, ముప్పై అనే గుండ్రని అంకెలు ఎక్కడ ఎక్కువగా కనిపిస్తే అక్కడ వయస్సు అడిగి రాసినది కాదు, చూసి రాసినది.

పుస్తకంలో లేనివారి సంగతి కూడా చెప్పుకోవలెను. తొలి దశాబ్దాలలో భూగర్భ పని చాలావరకు కాంట్రాక్టర్ల ద్వారా, మేస్త్రీల ద్వారా జరిగింది. వారు తెచ్చిన కూలీలకు కంపెనీ పుస్తకంతో సంబంధం లేదు. కంపెనీ పుస్తకంలో కాంట్రాక్టరు పేరూ, ఇచ్చిన సొమ్మూ ఉంటాయి. ఆ సొమ్మును మోసిన భుజాల పేర్లు ఉండవు. స్త్రీల విషయంలో లోటు మరింత పెద్దది. ఉపరితలంపై రాయి ఏరడం వంటి పనులు వారు చేసేవారు. పేరు పక్కన భర్త పేరు రాసిన కారణంగా ఆమె ఎవరి కూతురన్నది తెలిసే దారి ఆ పంక్తిలోనే మూసుకుపోయింది. ఈ దస్త్రాల నుండి తయారయ్యే వంశవృక్షం మగవారి వరుసగానే తేలుతుంది. దానిని సంపూర్ణ వంశవృక్షంగా చూపించడం సరికాదు.

ఇటువంటి పట్టికలు వంశచరిత్రకు ఎంతగా ఉపకరిస్తాయో దక్షిణాఫ్రికా అనుభవం చెబుతున్నది. 1860 నుండి 1911 వరకు నేటాల్‌కు ఒప్పంద కూలీలుగా వెళ్ళిన 1,52,184 మంది భారతీయుల ఓడ పట్టికలలో వరుస సంఖ్య, తండ్రి పేరు, వయస్సు, కులం, జిల్లా, తాలూకా, గ్రామం, శరీర చిహ్నాలు ఉన్నాయి. విశాఖపట్నం, గంజాం, ఉత్తర ఆర్కాటు నుండి వెళ్ళిన తెలుగువారూ అందులో ఉన్నారు. వారి సంతతివారు ఆ పట్టికలు పట్టుకొనే పూర్వుల ఊళ్ళు వెతుక్కుంటూ వస్తున్నారు. అయితే ఆ కూలీలు వెళ్ళినది ప్రధానంగా చెరకు తోటలకు. అక్కడి బంగారు గనులకు ఆఫ్రికన్ శ్రామికులను చేర్చిన సంస్థలు వేరు. 1900లోను, 1912లోను ఏర్పడిన రెండు నియామక సంస్థలు 1977లో టెబా పేరుతో ఒక్కటయ్యాయి. దాని దస్త్రాలలో కొంతభాగం జోహానెస్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో ఉన్నది. ఊపిరితిత్తులలో రాతిధూళి చేరి వచ్చే సిలికోసిస్ వ్యాధి విషయంలో అక్కడి గని కంపెనీలతో కుదిరిన పరిహార ఒప్పందాన్ని 2019 జూలైలో న్యాయస్థానం ఆమోదించింది. 1965 మార్చి 12కూ 2019 డిసెంబర్ 10కీ మధ్య ఆ గనులలో పనిచేసినవారికి అది వర్తిస్తుంది. చనిపోయినవారి ఆశ్రితులకు కూడా వర్తిస్తుంది. ఫలానా మనిషి ఫలానా గనిలో పనిచేశాడనీ, తాము ఆయనకు ఫలానా అవుతామనీ రుజువు చేయడం అక్కడ పరిహారానికి తొలి మెట్టు. వంశచరిత్ర ఆ విధంగా వినోద వ్యాసంగం కాకుండా పోయింది. భారతదేశంలో సిలికోసిస్ తొలిసారి వైద్య సాహిత్యానికి ఎక్కినది కోలారు గనుల నుండే.

మన దేశంలో ఈ దస్త్రాలకు మరొక ప్రయోజనం ఉన్నది. షెడ్యూల్డు కులాల జాబితా రాష్ట్రం వారీగా 1950 ఆగస్టు 10న రాష్ట్రపతి ఉత్తర్వుతో వెలువడింది. ఒక రాష్ట్రం నుండి మరొక రాష్ట్రానికి వలస వెళ్ళిన కుటుంబానికి కుల ధ్రువపత్రం ఇవ్వవలసి వచ్చినప్పుడు ఆ తేదీన తండ్రి లేదా తాత శాశ్వత నివాసం ఎక్కడ అన్న ప్రశ్న పుడుతుంది. మూల రాష్ట్రపు హోదా వలస వెళ్ళిన రాష్ట్రంలో దానంతట అదే రాదని 1990లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. గని కూలి కుటుంబానికి భూమి పట్టా లేదు, ఇల్లు కంపెనీది. 1950లో తాత ఎక్కడ ఉన్నాడో చెప్పే కాగితం గని రిజిస్టరు కాక మరొకటి దొరకడం కష్టం. తాసీల్దారు కార్యాలయం చుట్టూ తిరిగే విద్యార్థికి ఆ ఒక్క పంక్తి కళాశాల సీటంత విలువైనది. దస్త్రాల భద్రత అనగానే పురావస్తు ప్రీతిగా భావించే అధికారులు ఈ అంశాన్ని గమనించవలసి ఉన్నది.

దస్త్రాలు ఎన్ని చేతులు మారాయో చూస్తే ఆందోళన కలుగుతుంది. 1956 చివర లండన్ కంపెనీల నుండి మైసూరు ప్రభుత్వానికి, 1962లో కేంద్ర ఆర్థిక మంత్రిత్వశాఖకు, 1972లో భారత్ గోల్డ్ మైన్స్ లిమిటెడ్ అనే ప్రభుత్వ రంగ సంస్థకు గనులు సంక్రమించాయి. 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. నాలుగు యాజమాన్యాల కాగితాలు ఒక్కచోట చేరడం అరుదు. మైసూరు ప్రభుత్వ దస్త్రాల కోసం బెంగుళూరులోని కర్ణాటక రాష్ట్ర పురాలేఖాలయాన్ని ఆశ్రయించవలెను. 1972 తరువాతి కాగితాల విషయంలో చట్టం స్పష్టంగా ఉన్నది. 1993 పబ్లిక్ రికార్డుల చట్టం కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థలకూ వర్తిస్తుంది. నిర్ణీత పద్ధతి పాటించకుండా ఏ పబ్లిక్ రికార్డునూ నాశనం చేయరాదు. 1892కు ముందటి రికార్డును, పూర్తిగా చెడిపోయిందని నేషనల్ ఆర్కైవ్స్ అధిపతి భావిస్తే తప్ప, అసలే నాశనం చేయరాదు. ఉల్లంఘనకు అయిదేళ్ళ వరకు కారాగార శిక్ష ఉన్నది. శాశ్వత విలువ గల రికార్డులను ఇరవై అయిదేళ్ళకు మించి తన వద్దే ఉంచుకోవడం సృష్టించిన సంస్థ పని కాదు. గనులు మూతపడిన నాటి నుండి లెక్కిస్తే ఆ ఇరవై అయిదేళ్ళు 2026 ఫిబ్రవరితో నిండుతాయి. ఉద్యోగుల రిజిస్టరు శాశ్వత విలువ గలదా కాదా అన్నది గుమాస్తా స్థాయిలో తేలవలసిన విషయం కాదు.

ఈ సందర్భంలో ఒక పోలిక మనసుకు తట్టక మానదు. బంగారం తీసుకున్న తరువాత పారబోసిన మట్టి కొండలలా పేరుకొని నేటికీ ఆ పట్టణాన్ని ఆవరించి ఉన్నది. అందులో మిగిలిన బంగారానికి విలువ కట్టి, 13 గుట్టలపై తిరిగి పని చేపట్టే ప్రతిపాదనకు 2024 జూన్‌లో కర్ణాటక మంత్రివర్గం సమ్మతి తెలిపింది. గుట్టలకు లెక్క ఉన్నది. కాగితాల కట్టలకూ అటువంటి లెక్క ఒకటి తీయడం ఖర్చుతో కూడిన పని ఏమీ కాదు.

లెక్క తీసిన తరువాత అన్నింటినీ అందరికీ తెరవవలెనన్న వాదన కూడా తగినది కాదు. ఈ దస్త్రాలలో రోగాలున్నాయి, శిక్షలున్నాయి, రుజువు కాని దొంగతనపు అనుమానాలున్నాయి, నేడు పలకరాని కుల నిందాపదాలున్నాయి. పేరు, తండ్రి పేరు, గ్రామం, చేరిన సంవత్సరం, షాఫ్టు, ఈ అయిదింటితో సూచిక తయారుచేసి అందుబాటులో ఉంచి, వైద్య, శిక్షా దస్త్రాలను సంతతివారికి మాత్రమే చూపించే పద్ధతి న్యాయంగా ఉంటుంది. సూచికను ఆంగ్లంతోపాటు తమిళ, తెలుగు, కన్నడ లిపులలో తయారుచేయవలెను. ఆంగ్ల లిపిలో చెడిన ఊరి పేరును సరిగా గుర్తించగలిగేది ఆ ఊరి భాష తెలిసినవారే.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికి ఇందులో ప్రత్యక్ష సంబంధం కూడా ఉన్నది. చిత్తూరు జిల్లా కుప్పం ప్రాంతంలోని చిగురుగుంట, బిసానత్తం గనులు, పూర్వపు అనంతపురం జిల్లాలోని రామగిరి దగ్గరి ఎప్పమాన గని భారత్ గోల్డ్ మైన్స్ సంస్థ నడిపినవే. ఆ సంస్థతోపాటే అవీ ఆగిపోయాయి. రామగిరిలో ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాలలోనే ఒక విడత తవ్వకాలు జరిగాయి. ఈ గనులలో పనిచేసినవారి ఊళ్ళు దూరాన లేవు, గనుల చుట్టూనే ఉన్నాయి. పాత బిళ్ళ సంఖ్యలు గుర్తున్న వృద్ధులు ఆ ఊళ్ళలో ఉండగానే రిజిస్టర్లను వారి ముందు తెరిస్తే, ఏ మునిస్వామి ఏ ఇంటివాడో పంక్తి పంక్తికీ వారే చెప్పగలరు.